నీళ్ళు పండే దాకా

స్టీలు టిఫిన్ బాక్సు ఒకటి వచ్చి టేబుల్ మీద ఠపీమని పడింది.

శివశంకర్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఒకమ్మాయి. పచ్చ చుడీదార్, మెడలో ఏదో ఫార్మా కంపెనీ ఐడీ కార్డు, తడిసిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు. నాచారంలో అప్పుడే వాన అందుకుంది. ఆ అమ్మాయి గొడుగు మర్చిపోయి వచ్చినట్టుంది గానీ, కోపం మాత్రం మర్చిపోకుండా తెచ్చుకుంది.

"తెరవండి," అంది.

శివకి ఏమీ అర్థం కాలేదు. మర్యాదగా నవ్వాడు. "అయ్యో, ఇప్పుడే తిన్న మేడమ్. మల్లెప్పుడన్న..."

"తెరవండి అంటున్నానా!"

తెరిచాడు. లోపల దూది పరిచి ఉంది. దూది మీద రెండు బుల్లి చేపలు. నారింజ రంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. రెండింటినీ పక్కపక్కనే పడుకోబెట్టారు.

"ఇది బుజ్జమ్మ. వీడు బుల్లోడు," అంది ఆ అమ్మాయి. అంతసేపూ గట్టిగా ఉన్న గొంతు అక్కడికొచ్చేసరికి జారిపోయింది. "నిన్న మా ఇంట్లో బొద్దింకల మందు కొట్టి వెళ్ళింది మీ వాళ్ళేగా? పొద్దున నేను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి ఇద్దరూ పైకి తేలిపోయి ఉన్నారు."

'ఇద్దరూ' అంది. 'రెండూ' అనలేదు. శివ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"మా వాళ్ళు కాదు మేడమ్, నేనే వచ్చిన. మీ ట్యాంక్ సూసిన. గాలి పంపు బంద్ జేసి, ప్లాస్టిక్ కవర్ కప్పి, సుట్టూర నా చేతులతోనే టేపేసిన. రాత్రి కిటికీలన్ని తెరిచి గాలి ఆడేదాక తియ్యొద్దని అమ్మమ్మ గారికి చెప్పి పోయిన."

"అయితే ఎలా చచ్చిపోయారు?"

"తెల్వది," అన్నాడు శివ నిజాయితీగా. "వచ్చి సూస్త. పదున్రి."

ఆ అమ్మాయి పేరు రాజశ్రీ అని దారిలో తెలిసింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో కెమిస్టు. ఆమె ఆటోలో ముందు, శివ బైకు మీద వెనక. ఉప్పల్ దాకా వాన ఇద్దరినీ సమానంగా తడిపింది.

*

మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. హాల్లో గోడవారగా నాలుగడుగుల గాజు ట్యాంకు. అందులో చచ్చుపడిన ఉప్పునీళ్ళు, అటూ ఇటూ ఊగుతూ ఎవరికీ అక్కర్లేని నాచు.

ట్యాంకు పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది రాజశ్రీ అమ్మమ్మ హైమావతి. కాకినాడ మనిషి. తాతగారు పోయాక మనవరాలి దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచీ "సముద్రం లేని ఊరూ ఒక ఊరేనా" అని దెప్పుతుంటే, ఆ దెప్పు పడలేక రాజశ్రీ ఈ సముద్రాన్ని ఇంట్లోకి తెచ్చింది. అప్పటినుంచీ ఆవిడ ఉప్పల్‌ని కాస్త క్షమించింది.

రాజశ్రీ తల తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళింది. శివ కింద పడి ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి చూశాడు. తను వేసిన గోధుమరంగు టేపు ఒక పక్కంతా ఊడిపోయి ఉంది. ఆ పక్కన ఎవరో మళ్ళీ అంటించారు.

దేంతో? దగ్గరగా చూశాడు. అన్నం మెతుకులు! పాతకాలం వాళ్ళు ఉత్తరాల కవర్లు అంటించినట్టు, మెతుకులు మెదిపి, వేలితో రాసి, ఎంతో శ్రద్ధగా అంటించారు.

తలెత్తేసరికి హైమావతి గారు తననే చూస్తోంది. ఆ కళ్ళలో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం దీపం వేళైంది నాయనా," అంది గుసగుసగా. "పక్కింట్లో కూర్చోమన్నావు, కూర్చున్నాను. కానీ దీపం పెట్టకుండా ఇల్లు చీకటిగా ఉంచితే ఎలాగ? ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చాను. దేవుడికి హారతిచ్చి, రోజూ వీళ్ళకీ చూపిస్తాను కదా అని కవరు తీశాను. పాపం, నోళ్ళు తెరిచి ఆయాసపడుతున్నారు. గాలాడ్డం లేదేమోనని పంపు వేశాను. కాసేపేలే. మళ్ళీ ఆపేసి మూసేశాను."

శివ కళ్ళు మూసుకున్నాడు. గది నిండా మందు. ఆ గాలినే పంపు పీల్చుకుని తిన్నగా నీళ్ళలోకి ఊదింది. ఇంకేం మిగులుతుంది?

"రాజీకి చెప్పకు బాబూ. నాకోసమని కొన్నది. నేనే చంపానని తెలిస్తే నా ముఖం ఎలా చూస్తుంది? నేనెలా చూపించను?"

లోపల్నుంచి రాజశ్రీ వస్తున్న చప్పుడైంది. ఆలోచించుకోవడానికి టైం లేదు. ఆ అన్నం మెతుకులున్న కవరును శివ గబగబా ఉండ చుట్టి చంకలో పెట్టేసుకున్నాడు.

"ఏం తేలింది?" అంది రాజశ్రీ.

"తప్పు నాదే మేడమ్. టేపు సరిగ్గ ఎయ్యలే. ఒక పక్క ఊడిపోయింది."

రాజశ్రీ అతని వంక అలాగే చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"ఒప్పుకున్నారు. చాలామంది ఒప్పుకోరు," అంది మెల్లగా. "మా ల్యాబ్‌లో ఒకటే రూలండీ. ఏదైనా పాడైతే, ఎందుకు పాడైందో తేలేదాకా మళ్ళీ మొదలుపెట్టం. కారణం తప్పుగా రాసుకుంటే అదే పొరపాటు ఇంకోదారిలో వస్తుంది. మీరు నిజం చెప్పారు కాబట్టి నాకు భయం పోయింది. మళ్ళీ మొదలుపెడతాను."

శివకి అమ్మమ్మ బతిమాలిన మాట ఒకపక్క, ఈ పిల్ల నమ్మకం ఇంకోపక్క.

"నేను సాయం జేస్త," అన్నాడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

*

ఆ ఆదివారం నుంచి మొదలైంది ఆ ఇద్దరి కాపురం. అంటే, ట్యాంకు కడిగే కాపురం!

"ఇసుక మొత్తం పారెయ్యాలె. రాళ్ళు గూడ," అన్నాడు శివ ప్యాంటు మడిచి.

"రాళ్ళు మరగబెడితే?"

"వద్దు మేడమ్. రాయి సందులల్ల మందు దాక్కుంటది. స్పాంజీ, ట్యూబులు, పంపు... మందు పీల్చిన ఏ వస్తువూ మల్ల లోపటికి రావొద్దు."

"గాజు సంగతి? మూలల్లో సిలికాన్ అంటించి ఉంటుంది కదా, అది పీల్చుకోదూ?"

శివ ఆగాడు. "పీలుస్తది. మంచి మాట అడిగిన్రు. నీళ్ళు నింపి, ఒకటి రెండు రోజులుంచి, పారబోసి, మల్ల నింపుదాం. తర్వాత బొగ్గు పెడదాం."

"యాక్టివేటెడ్ కార్బన్," అని సవరించింది రాజశ్రీ.

"మీ ఇంగ్లీషుల గదే, మా తాన బొగ్గే."

రాజశ్రీ నవ్వాపుకుంటూ అటు తిరిగింది. ముక్కు చివర సబ్బు నురగ అంటుకుని ఉంది. చెప్పాలా వద్దా అని శివ చాలాసేపు తర్జనభర్జన పడి, చెప్పకుండానే చూస్తూ కూర్చున్నాడు.

ఉప్పు కలపడం ఆమె పని. ఫిల్టర్ నీళ్ళు నింపిన పెద్ద డ్రమ్ములో సముద్రపు ఉప్పు పొడి పోసి, కర్రతో తిప్పి, ఉప్పు కొలిచే గాజు గొట్టం వదిలి కన్ను చికిలించి చూసేది. "ఇంకొంచెం" అనేది. "ఊఁ, చాలు" అనేది. శివకి సముద్రం ఎలా తయారవుతుందో అప్పుడే తెలిసింది.

ఒకసారి వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "నిజంగనే సముద్రం," అన్నాడు ఆశ్చర్యంగా.

"మీరు సముద్రం చూశారా?"

"ఎక్కడ? రామంతాపూర్ చెరువు సూసిన."

రాజశ్రీ ఈసారి నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వుకి అమ్మమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ లోపలికి పోయింది.

*

కొత్త నీళ్ళు పోశారు. కొత్త ఇసుక, కొత్త రాళ్ళు పెట్టారు. నీలం లైటు వేశారు.

"ఇగ చేపలు తెద్దామా?" అన్నాడు శివ హుషారుగా.

"అమ్మో, అప్పుడేనా! నీళ్ళు పండాలి."

"నీళ్ళు పండుడేంది?"

"కొత్త నీళ్ళలో చేపని వేస్తే దాని వ్యర్థమే విషమై దాన్నే చంపేస్తుంది. ఆ విషాన్ని తినే బాక్టీరియా రాళ్ళలో పుట్టాలి. కంటికి కనబడదు, వినబడదు. దానికి తిండిగా చిటికెడు చేపల మేత వేస్తూ, అది కుళ్ళిన విషం పోయేదాకా మనం ఓపిక పట్టాలంతే. వారానికోసారి పరీక్ష చేస్తూ ఉండాలి."

"వారానికోసారి అంటే... ఆదివారం నేనూ వస్త. నీళ్ళు సూడనీకి."

"మీరెందుకండీ శ్రమ?"

"తప్పు నాదే గదా," అన్నాడు శివ. అబద్ధం చెప్పడంలో అతనికి అప్పటికే కొంచెం అలవాటైంది.

అలా ఆదివారాలు వచ్చాయి. ఇంట్లో ఖాళీ ట్యాంకు. అందులో చేప లేదు, చెట్టు లేదు, ఏమీ లేదు. ఉత్త నీళ్ళు, వాటి మీద నీలం వెలుతురు. ఆ ఉత్త నీళ్ళకు ఎదురుగా చాప వేసుకుని ఇద్దరూ గంటలు గంటలు కూర్చునేవారు. బయట వాన. లోపల పంపు సన్నగా బుడబుడ. నీలం వెలుగు అలలు అలలుగా గోడ మీద, సీలింగు మీద, రాజశ్రీ చెంప మీద పాకుతూ ఉండేది. శివ కళ్ళు కూడా దాని వెంటే వెళ్ళేవి. దొరికిపోయినప్పుడు చటుక్కున నీళ్ళ వైపు తిప్పేవాడు.

చిన్న గాజు సీసాలో ట్యాంకు నీళ్ళు తీసి, చుక్కలు వేసి, ఊపి, రాజశ్రీ లైటు ముందు పట్టుకునేది. ఆకుపచ్చగా తిరిగితే విషం ఉన్నట్టు. పసుపుగా ఉండిపోతే పండినట్టు.

"పచ్చగనే ఉన్నది," అనేవాడు శివ, దుఃఖం నటిస్తూ. లోపల మాత్రం పండగ. పండకపోతే మళ్ళీ ఆదివారం ఉంటుంది కదా.

అమ్మమ్మ పెసరట్లు తెచ్చిపెట్టి ఆ వెనకే కూర్చునేది. అవి బందుల రోజులు. టీవీ పెడితే చాలు, రాష్ట్రం గొడవే. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

"ఏం బాబూ, రాష్ట్రం వస్తే మీ వాళ్ళు మమ్మల్ని పొమ్మంటారటగా?"

"ఎవలన్నరు అమ్మమ్మా? మీరు పోతే గిసుంటి పెసరట్టు ఎవలు పెడతరు నాకు? పోనియ్యం."

"రాష్ట్రం కావాలంటావు, పెసరట్టూ కావాలంటావు!"

"రెండూ గావాలె," అన్నాడు శివ, ఇంకో అట్టు వేయించుకుంటూ. ముగ్గురూ నవ్వారు. ఆ తరవాత ఆ ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

కానీ ఒక్క సంగతి శివని తొలుస్తూనే ఉంది. రేపు చేపలొస్తాయి. మళ్ళీ ఎప్పుడో ఇంట్లో మందు కొడతారు. అమ్మమ్మ మళ్ళీ దీపం పెడుతుంది, మళ్ళీ జాలిపడుతుంది, మళ్ళీ పంపు వేస్తుంది. రాజశ్రీకేమో కారణం టేపు అనే తెలుసు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు.

"పంపు బాల్కనీల పెడదాం," అన్నాడు. "సన్న పైపు గోడలకెళ్ళి లోపటికి తెద్దాం. ఇంట్ల ఏం మందు కొట్టినా పంపు బయటి గాలే పీలుస్తది."

రాజశ్రీ కనుబొమలు ముడిచింది. "తప్పు టేపుది కదా. పంపునెందుకు మార్చడం?"

"ఊరికే... సేఫ్టీకి."

"ఊరికే అనే మాట మా ల్యాబ్‌లో ఒప్పుకోరండీ," అంది. అయినా పెట్టనిచ్చింది. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి శివకేసి దండం పెట్టినంత పని చేసింది.

*

ఒక ఆదివారం సీసాలో నీళ్ళు పసుపుగానే ఉండిపోయాయి.

"పండాయి!" అని రాజశ్రీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. శివ కూడా కొట్టాడు. కొడుతూనే, ఇక ఆదివారాలు అయిపోయినట్టే అనుకున్నాడు.

ముందు ఒక రొయ్యని తెచ్చారు. మీసాలు పొడుగ్గా, వీపు మీద ఎర్ర గీతతో, దర్జాగా ఉంది.

"పురుగుల మందు రవ్వంత మిగిలినా ముందు రొయ్యకే తగులుతది. పురుగుకీ రొయ్యకీ సుట్టరికం," అన్నాడు శివ. "ఇది బతికితే నీళ్ళు మంచియే."

"కాకినాడలో పుట్టి, రొయ్యని వేపుడు చెయ్యకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే రోజు వస్తుందనుకోలేదు," అని అమ్మమ్మ నిట్టూర్చింది.

రొయ్య బతికింది. తరవాత చేపలొచ్చాయి. మళ్ళీ నారింజ జంటే. ఏ రోగమూ తేకుండా వాటిని ముందు రాజశ్రీ గదిలో వేరే చిన్న తొట్టిలో కొన్ని వారాలుంచి, బాగున్నాయని నమ్మకం కుదిరాకే పెద్ద ట్యాంకులోకి వదిలారు. నీలం వెలుతురులో రెండూ తోకలూపుకుంటూ ఇల్లంతా చూసుకున్నాయి.

"పేర్లు పెట్టు అమ్మమ్మా," అంది రాజశ్రీ.

హైమావతి గారు దూరంగానే నిలబడింది. "నువ్వే పెట్టుకో," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. హారతి కూడా వీటికి చూపించడం మానేసింది.

"పాతవాళ్ళని మర్చిపోలేకపోతోంది పాపం," అంది రాజశ్రీ. శివ తల దించుకున్నాడు. ఈ అబద్ధం ఆవిడని కాపాడుతుందనుకున్నాడు గానీ, రోజూ కొంచెం కొంచెం తినేస్తోందని అప్పుడు తెలిసింది.

*

ఆ వారంలోనే ఒక సాయంత్రం. శివ బోడుప్పల్‌లో పని చూసుకుని బైకు మీద తిరిగొస్తున్నాడు. వాన వెలిసి ఆకాశం గులాబీరంగులో ఉంది. ఉప్పల్‌లో ఆ వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి డుగుడుగుమని చప్పుడు.

దోమల పొగ! ఒకతను మిషను భుజానేసుకుని వీధిలోకి తిరిగాడు. వెనక తెల్లటి పొగ ఇంటెత్తు లేస్తోంది. పిల్లలు కేరింతలు కొడుతూ పొగలోకి దూరుతున్నారు.

శివ బ్రేకు వేశాడు. పంపు! బాల్కనీలో! తను పెట్టిందే, తన చేతులతో!

సెల్ తీసి రాజశ్రీకి కొట్టాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. సెకండ్ షిఫ్టు, ల్యాబ్‌లో ఫోను బయటే పెడతారు. ఇంటి ల్యాండ్‌లైన్ ఎంగేజ్. బైకుని మలుపులోనే వదిలేసి, పొగ మనిషిని దాటుకుని, పరుగందుకున్నాడు. వీధిలో జనం దొంగని తరుముతున్నాడేమో అనుకున్నారు.

బిల్డింగ్ కింద నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"అమ్మమ్మా! పంపు బంద్ జెయ్యి! పోయినసారి కవర్ తీసి పంపు ఏసి చేపల్ని సంపినట్టు చెయ్యకు! ఈసారి బంద్ జెయ్యి! జల్ది!"

మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన చీర పక్కకి తప్పుకుంది.

చీర వెనక అమ్మమ్మ లేదు. చేతిలో బట్టల మూటతో రాజశ్రీ ఉంది. ఆ రోజు షిఫ్టు మార్చుకుంది.

రాజశ్రీ మూట అక్కడే వదిలేసింది. వంగి పంపు స్విచ్చి ఆపేసి, పైపు ఊడబీకి, బాల్కనీ తలుపు ధడేలున మూసేసింది.

*

శివ మెట్లెక్కి వచ్చేసరికి కిటికీలన్నీ బిగించి, సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కుతోంది. అతనూ ఒక తువ్వాలు అందుకున్నాడు. బయట పొగ అద్దాల దాకా వచ్చి, అద్దాలు తెల్లబడిపోయాయి. మబ్బులో కూర్చున్నట్టుంది ఇల్లు.

పంపు ఆగింది కాబట్టి నీళ్ళకి గాలి కావాలి. రాజశ్రీ మగ్గు తీసుకుని ట్యాంకు నీళ్ళనే ముంచి, పైనుంచి ధారగా పొయ్యడం మొదలుపెట్టింది. ముంచడం, పొయ్యడం. ముంచడం, పొయ్యడం. అతని వైపు చూడకుండానే అడిగింది.

"పోయినసారి కవర్ తీసింది ఎవరు?"

శివ ఇంకో తువ్వాలు తీసి కిటికీ సందులో కుక్కాడు.

"మిమ్మల్నే."

"నేనేనే తల్లీ," అంది హైమావతి గారు లోపలి గది గుమ్మంలోంచి. అంతసేపూ కాకినాడలో ఉన్న కూతురితో ఫోనులో ఉంది. ఇప్పుడు రిసీవరు పెట్టేసి వచ్చి నిలబడింది. "దీపం పెట్టడానికొచ్చి నేనే తీశాను. పంపూ నేనే వేశాను. పాపం ఇతను నా కోసం నెత్తిన వేసుకున్నాడు. నేనే చెప్పొద్దన్నాను. నువ్వు నన్ను కాకినాడ పంపేస్తావని భయపడ్డాను రాజీ."

రాజశ్రీ చేతిలో మగ్గు ఆగింది. శివ అది అందుకుని తను పొయ్యసాగాడు.

రాజశ్రీ వెళ్ళి అమ్మమ్మని రెండు చేతులా చుట్టేసింది. "పిచ్చిదానా! చేపల కోసం నిన్ను పంపేస్తానా? చేపలు నీ కోసం కదా తెచ్చాను! ఇన్ని నెలలు ఇది ఒక్కదానివే మోశావా?"

ఆవిడ చిన్నపిల్లలా ఏడ్చింది. రాజశ్రీ కూడా ఏడ్చింది. శివ ఇద్దరికీ వీపు పెట్టి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చేపలు ధార కింద చేరి హాయిగా ఆడుకుంటున్నాయి, వాటికేం తెలుసు.

పొగ పల్చబడింది. రాజశ్రీ కళ్ళు తుడుచుకుని ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మ భయపడి దాచింది. అర్థం చేసుకోగలను. మీరు?" అంది. "టేపు అన్నారు. నమ్మాను. పంపు బయట పెట్టమన్నారు. పెట్టాను. నిజం చెప్పుంటే పంపు లోపలే ఉండేది, మందు కొట్టిన రోజు నేనే ఇంట్లో కూర్చునేదాన్ని. మీ అబద్ధాన్ని కాపాడుకోవడానికి చేసిన పనే ఇవాళ వీటి ప్రాణం మీదకి తెచ్చింది."

"నిజమే," అన్నాడు శివ. వాదించడానికి ఏముంది?

"చేపలు బతికాయి, థాంక్స్. ఇక మీరు రానక్కర్లేదు. ఎవరి మాట నమ్మి నేను మళ్ళీ మొదలుపెట్టానో, ఆ మనిషి అసలు ఉన్నాడో లేడో నాకు తెలియడం లేదు."

శివ మగ్గు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో ఇంకా పొగ వాసన ఉంది.

*

ఆదివారం వచ్చింది. శివకి తెల్లారగానే మెలకువ వచ్చింది. వెళ్ళడానికి చోటు లేదు. వెళ్ళకుండా ఉండటం చేతకాలేదు. మధ్యాహ్నం దాకా మంచం మీద అటూ ఇటూ దొర్లి, చివరికి లేచి బైకు తీశాడు. ఒకే ఒక్క మాట చెప్పి వచ్చేద్దామనుకున్నాడు.

తలుపు రాజశ్రీయే తీసింది. శివ గుమ్మం ఇవతలే ఆగిపోయాడు. నెత్తి నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"లోపటికి రాను. మీకు ఇంకో అబద్ధం గూడ చెప్పిన. అది గూడ చెప్పేసి పోత," అన్నాడు.

"ఇంకోటా?" రాజశ్రీ తలుపు పట్టుకుని నిలబడింది. "చెప్పండి."

"ప్రతి ఆదివారం నీళ్ళు సూడనీకి వస్తున్న అని చెప్పిన. నీళ్ళ కోసం కాదు. నాకు నీళ్ళల్ల ఏం కనబడలే, ఏనాడూ. మిమ్మల్నే సూసిన. నీళ్ళు జల్ది పండొద్దని మొక్కుకున్న గూడ. మీరంటే నాకు పాణం, రాజశ్రీ గారూ. అమ్మమ్మ మాట నిలబెట్టాలని మీ నమ్మకం పోగొట్టుకున్న. ఆ తప్పు మాత్రం నిజంగనే నాది. గంతే."

చెప్పేసి వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు దిగాడో లేదో వెనక నుంచి పిలుపు.

"ఆగండి. అది అబద్ధం లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"అబద్ధమంటే అవతలివాళ్ళు నమ్మాలి కదా. నేను ఒక్క ఆదివారం కూడా నమ్మలేదు." రాజశ్రీ ముఖం సీరియస్‌గానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడిపోయాయి. "నీళ్ళ వైపు చూస్తున్నవాడు సీసా రంగు మారిందో లేదో నా ముఖంలో వెతకడు."

శివ దిగిన రెండు మెట్లూ మళ్ళీ ఎక్కాడు.

"ఈ వారమంతా మీ మీద కోపంగా ఉన్నాను. ఇంకా ఉంది," అంది రాజశ్రీ. "ఒక్క మాట ఇవ్వండి. ఇకమీదట తప్పు ఎవరిదైనా సరే, మా అమ్మమ్మదైనా, మీదైనా, నాదైనా, ముందు నాకే చెప్పాలి. నేను ఏడుస్తానని దాచకూడదు. ఏడ్చి, ఊరుకుంటాను. అబద్ధానికి మాత్రం ఊరుకోలేను."

"ఒట్టు," అన్నాడు శివ.

లోపల గంట మోగింది. గుమ్మంలోంచి చూస్తే హైమావతి గారు హారతి పళ్ళెం పట్టుకుని ట్యాంకు ముందు నిలబడి ఉంది. కొత్త జంట గాజు దగ్గరికి వచ్చి ఆ వెలుగు కోసం మూతులు ఆనిస్తున్నాయి. ఆవిడ హారతి తిప్పి, కళ్ళకద్దుకుని, తల తిప్పకుండానే, "మీ అమ్మగారిని ఒకసారి తీసుకురా బాబూ. పెద్దవాళ్ళం మాట్లాడుకోవాల్సినవి ఉంటాయి," అంది.

శివ రాజశ్రీ వైపు చూశాడు.

"అయితే... వచ్చే ఆదివారం రానా?"

"వారానికి ఒక్కరోజు చూస్తే సరిపోదు శివా," అంది రాజశ్రీ. మొదటిసారి అలా పిలిచింది. "రోజూ చూసుకోవాలి."

"నీళ్ళనా?"

రాజశ్రీ కళ్ళు దించుకుంది. పెదవి కొరుక్కుంది. "అబద్ధం చెప్పనా, నిజం చెప్పనా?"

"నిజమే చెప్పవే, వాడు వానలో తడిసి చస్తున్నాడు!" అని అమ్మమ్మ లోపల్నుంచి కేకేసింది.

రాజశ్రీ నిజమే చెప్పింది. చెప్పి, అతని చెయ్యి పట్టుకుని గుమ్మం లోపలికి లాగింది.